మిఠాయి పొట్లం మీది ప్లాస్టిక్ కాగితం

ప్రత్యేక సంచికకు సర్వీసు అనుభవాలు రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు తప్పించుకుందామనే అనుకున్నాను. నేరపరిశోధన ప్రయోగశాలలో రసాయన విభాగం వాడంటే విషాల కథలు చెప్పాలని మిత్రులు ఆశిస్తారు. నాకు మాత్రం ఇన్నేళ్ళ తరువాత కూడా మనసులో మెదిలేది విషం కాదు, విషం కలిపిన మిఠాయికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం. దాని పుట్టుపూర్వోత్తరాలు నాలుగు ముక్కలు చెప్పి తరువాత నా సంగతికి వస్తాను.

మన దేశంలో మొట్టమొదటి రసాయన పరీక్షకుని ప్రయోగశాల 1849లో మద్రాసులో ఏర్పడింది. అప్పటికి పొట్లమంటే ఆకు, గుడ్డ, కాగితం. ప్లాస్టిక్ పొర వచ్చింది చాలా తరువాత, అదీ సగం పొరపాటున. 1933లో అమెరికాలోని డౌ కంపెనీ ప్రయోగశాలలో సీసాలు కడిగే రాల్ఫ్ వైలీ అనే కుర్రాడికి ఒక పాత్ర ఎంత తోమినా వదల్లేదట. ఆ వదలని మడ్డే పాలీవినైలిడిన్ క్లోరైడ్. మొదట ఉప్పుగాలి నుంచి యుద్ధ సామగ్రిని కాపాడటానికి వాడి, 1953లో 'సరాన్ రాప్' పేరుతో వంటింట్లోకి పంపారు. అదే 1933లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. కంపెనీలో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు మరేదో ప్రయోగం చేస్తుంటే పాత్రలో మైనం లాంటి తెల్లని పదార్థం మిగిలింది. అది పాలిథిన్. మనం ఇడ్లీ పార్శిల్లో ఆకు బదులు చూసే పల్చని కాగితం దీని సంతానమే.

ఒట్టి ప్లాస్టిక్ ఎవరికీ పనికిరాదు, అందులో కలిపే సరుకులతోనే దానికి పనితనం వస్తుంది. పి.వి.సి. సహజంగా పెళుసు. 1926లో వాల్డో సీమన్ అనే ఆయన దాన్ని కొన్ని ద్రవాలతో మెత్తబరచవచ్చని కనిపెట్టాడు గనుకనే గిన్నెలకు అతుక్కునే పొర తయారైంది. పాలిథిన్ బాధ వేరు. పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకని జారుడు కోసం ఎరూకమైడ్ అనే పదార్థం (ఆవనూనెలో ఉండే ఆమ్లం నుంచి తీస్తారు), పొరలు విడివడటానికి మెత్తని సిలికా పొడి, పాడవకుండా మరో మందు కలుపుతారు. కొందరు కలుపుతారు, కొందరు ఖర్చు తగ్గించుకోవడానికి మానేస్తారు. నేరపరిశోధకుడికి దారి చూపేది ఈ తేడాయే.

పరీక్షల్లో పాతది బైల్‌స్టైన్ 1872లో చెప్పినది. రాగితీగ ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్ ముక్కకు తాకించి మళ్ళీ మంటలో పెడితే, క్లోరిన్ ఉన్న పి.వి.సి., సరాన్ జాతులకు పచ్చని మంట వస్తుంది. పాలిథిన్‌కు రాదు, కొవ్వొత్తి ఆర్పిన వాసన వస్తుంది. మేమంతా ఈ తీగతోనే మొదలుపెట్టినవాళ్ళం. తరువాత వచ్చింది ఇన్‌ఫ్రారెడ్ యంత్రం. పల్చని పొరను కిరణానికి అడ్డంగా పెడితే చాలు, కాగితం మీద గీత గీసుకుంటూ పోయేది. పాలిథిన్‌కు 2900 దగ్గర రెండు లోతైన గుంటలు, 1465 దగ్గర ఒకటి, 720 దగ్గర ఒకటి. ఒకసారి చూస్తే మరవరు.

ఇక నా సంగతి. 1980ల చివర్లో ఒక జిల్లా నుంచి కేసు వచ్చింది. నేతి మిఠాయిలో పురుగుమందు. పొట్లం చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఒక కవర్లోను, ముద్దాయి కొట్టులో దొరికిన అలాంటి కాగితాల కట్ట మరో కవర్లోను సీలు వేసి పంపారు. రెండూ ఒకటేనా అన్నది ప్రశ్న. పురుగుమందు పని ఒకరు చూశారు, కాగితాలు నాకు అప్పగించారు. గీతలు తీశాను. ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురులో చూస్తే అచ్చు గుద్దినట్లున్నాయి. "రెండూ ఒకే రకం" అని చిత్తు రిపోర్టు రాసి మా ఆఫీసరుగారి బల్లమీద పెట్టాను.

ఆయన చదివి, "బజార్లో కవర్లు కొన్నావటోయ్?" అన్నారు.

"లేదండీ. ఎందుకు సార్?"

"వెళ్ళి ఓ ఐదు కొట్లలో ఐదు కాగితాలు కొనుక్కురా. అవీ గీయించు."

గీయించాను. ఐదూ అచ్చు గుద్దినట్లే ఉన్నాయి! అంటే నా రిపోర్టు ప్రకారం ఊళ్ళో ఏ దుకాణదారునైనా బోనెక్కించవచ్చు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయాను.

మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పాలిథిన్ గుంటలు వదిలేసి, కలిపిన సరుకుల కోసం వెతికాను. ఇక్కడొక చిక్కుంది. జారుడు పదార్థం నేతిలో కరిగిపోతుంది, నెయ్యి కాగితానికంటి సొంత గుంట ఒకటి తెస్తుంది. అందుకని నెయ్యి తగలని పైమడత ముక్క తీసుకున్నాను. అనేక మడతలు కలిపి చూస్తే, పొట్లం కాగితంలో 1650 దగ్గర ఎరూకమైడ్ జాతి గుర్తు, 1090 దగ్గర సిలికా గుర్తు స్పష్టంగా ఉన్నాయి. కట్టలో పైకాగితం, మధ్యకాగితం, అడుగుకాగితం అన్నీ చూశాను. రెండు గుర్తుల్లో ఒక్కటీ లేదు. కట్ట నేతిని ముట్టింది కాదు, కాబట్టి కరిగిపోయిందనడానికి వీల్లేదు. సిలికా ఎలాగూ నేతిలో కరగదు. పొట్లం కాగితం ఆ కట్టలోది కాదు.

ముద్దాయి నిర్దోషి అని మేం రాయలేదు, రాయకూడదు కూడా. విషం ఎవరు కలిపారో కాగితం చెప్పదు. తేడా దొరికితే "కాదు" అని గట్టిగా అనవచ్చు. తేడా దొరక్కపోతే "కావచ్చు" వరకే మన హక్కు. రిపోర్టు వెళ్ళింది. సాక్ష్యానికి సమన్లు రాలేదు. కేసు ఏమైందో నాకు తెలియదు.

నేటి ప్రయోగశాలల్లో పొరను తరగనక్కరలేదు, స్ఫటికం మీద నొక్కితే చాలు. రామన్ సూక్ష్మదర్శినులూ ఉన్నాయి. 1928లో కలకత్తాలో రామన్‌గారి పక్కన పనిచేసినవారిలో మన కృష్ణా జిల్లా సూరి భగవంతంగారు ఒకరని ఇక్కడ తలచుకోవాలి. 2011లో తైవాన్‌లో ఒక ప్రభుత్వోద్యోగిని ఆహారపు పొడిలో బరువు తగ్గించే మందుల కోసం పరీక్షిస్తూ, గ్రాఫులో సంబంధం లేని శిఖరం చూసి వదలక పట్టుకుంటే, అది ప్లాస్టిక్ మెత్తబరచే డి.ఇ.హెచ్.పి. అని తేలింది. పామాయిలు బదులు దాన్ని పానీయాల్లో కలుపుతున్నారు. అడిగినదానికి మాత్రమే జవాబు రాసి ఆమె ఇంటికి వెళ్ళి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

మన దేశంలో 2018 నిబంధనల ప్రకారం ప్యాకింగు ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి దిగేది కిలోకు 60 మిల్లీగ్రాములు మించరాదు. 2022 జూలై 1 నుంచి మిఠాయి పెట్టెల మీద చుట్టే పల్చని పొరనే నిషేధించారు.

అన్నట్టు, ఆ ఐదు కాగితాలకు అయిన పైసలకు బిల్లు పెట్టాను. "పరీక్షకు పంపని వస్తువులు కొనడానికి కారణం తెలుపవలెను" అన్న అభ్యంతరంతో తిరిగొచ్చింది. ఆఫీసరుగారు నవ్వి, జేబులోంచి ఒక రూపాయి తీసి నా చేతిలో పెట్టారు.