క్యూసెక్కుల అభ్యర్థి

సాలూరు లారీల ఊరు. విజయనగరం వైపు నుంచి వచ్చే రోడ్డు ఈ ఊరు దాటాక కొండెక్కుతుంది. సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్, జగదల్‌పూర్, రాయ్‌పూర్ దాకా పోతుంది. ఆ కొండల వరసలోనే మాచ్‌ఖండ్ ఉంది. 1955లో అక్కడ జలవిద్యుత్తు మొదలైంది; ఆరు యూనిట్లు కలిపి 114.75 మెగావాట్లు. జలాపుట్ జలాశయం కింద గిరిజనుల ఊళ్లు, పొలాలు మునిగాయి. కరెంటు మాత్రం తీగల మీదుగా మైదానానికి దిగింది.

ఆ రోజుల్లో దేశంలో ఆనకట్టల లెక్కలు కట్టేవాళ్లు ఒకరు, ఓట్లు అడిగేవాళ్లు ఇంకొకరు. ఈ రెండు పనులూ ఒక్క చేత్తో చేసిన తెలుగువాడు కానూరి లక్ష్మణరావు. జనం నోట డాక్టర్ కె.ఎల్. రావు.

1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. మద్రాసు గిండీలో ఇంజనీరింగు చదివి, కొన్నాళ్లు రంగూన్‌లో పాఠాలు చెప్పి, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తెచ్చుకున్నారు. రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు ఆయన విద్య. దానిపై పుస్తకమే రాశారు.

తిరిగి వచ్చాక మద్రాసు ప్రభుత్వంలో ఆయన ముందుకొచ్చిన పని రామపాదసాగర్. పోలవరం దగ్గర గోదావరికి అడ్డంగా పెద్ద ఆనకట్ట కట్టాలన్నది ఆలోచన. ఇసుకలో ఎంత లోతుకు దిగితే గట్టి రాయి దొరుకుతుందో, దానికి ఎంత ఖర్చవుతుందో లెక్కేసి చూసి పాలకులు వెనక్కి తగ్గారు. ఫైలు అటకెక్కింది. రావు ఢిల్లీ వెళ్లి కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్లు చూశారు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. యంత్రాలకు, సిమెంటుకు కటకట. చేతులకు మాత్రం కొదవ లేదు. అందుకే కాంక్రీటు బదులు రాతికట్టుతో కట్టారు. కాంక్రీటు పండితుడు కొలువున్న కాలంలోనే 124 మీటర్ల ఎత్తున రాయి లేచి నిలబడింది.

ఆయన ఓట్లకు దిగిన విజయవాడ మామూలు ఊరు కాదు. 1952లో కమ్యూనిస్టుల మద్దతుతో ఒక కవిని, సరోజినీ నాయుడి తమ్ముడు హరీంద్రనాథ్ చటోపాధ్యాయను లోక్‌సభకు పంపింది. 1957లో డాక్టరమ్మ కొమర్రాజు అచ్చమాంబను గెలిపించింది. 1962లో ఇంజనీరు వంతు వచ్చింది. కవి, డాక్టరు, ఇంజనీరు: వరసగా మూడు ఎన్నికల్లో ముగ్గురు.

ఇంజనీరును అక్కడ జనం ఎందుకు ఆదరించారో ఊహించడం కష్టం కాదు. 1855 నాటి కృష్ణా ఆనకట్ట 1952లో గండిపడటం ఆ ఊరు చూసింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలువ కింది రైతుకు క్యూసెక్కు పాఠ్యపుస్తకంలోని మాట కాదు. వంతు ఎప్పుడొస్తుంది, చివరి భూములకు నీళ్లందుతాయా అన్న బెంగ. రావు తర్వాత రాసుకున్న ఆత్మకథకు పెట్టిన పేరు ‘ది క్యూసెక్స్ క్యాండిడేట్’. ఆయన రాజకీయమంతా ఆ పేరులోనే ఉంది.

1967, 1971లోనూ విజయవాడ ఆయననే గెలిపించింది. 1963 జూలైలో కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి అయ్యారు. అదే ఏడాది పద్మభూషణ్ వచ్చింది. ఇందిరా గాంధీ 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలే నాటికి ఆయన మంత్రివర్గంలోనే ఉన్నారు.

1972లో గంగా–కావేరి అనుసంధానం ప్రతిపాదించారు. పొడవు 2,640 కిలోమీటర్లు. పాట్నా దగ్గర గంగ నుంచి ఏడాదిలో 150 రోజుల పాటు 60,000 క్యూసెక్కులు తీసుకుని, అందులో 50,000 క్యూసెక్కులను సుమారు 549 మీటర్ల ఎత్తుకు తోడాలి. లెక్క ఘనంగానే ఉంది. కానీ ఖర్చు చాలా తక్కువగా చూపారని, తోడడానికి వేల మెగావాట్లు కావాలని కేంద్ర జల సంఘం తేల్చింది. పథకం ఆగింది, నదులను కలపాలన్న మాట మాత్రం ఆగలేదు.

పటం మీద నీళ్లు ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి గీత గీయడం ఇంజనీరుకు అలవాటు. ఆ గీత ఎవరి గుమ్మం తొక్కుతుందో చెప్పడానికి పటంలో గుర్తులుండవు. విజయవాడ ఓటరు గీత దిగువ కొసన ఉన్నాడు, నీళ్లు అందుకునేవాడు. జలాపుట్ గిరిజనుడు ఎగువ కొసన ఉన్నాడు. అటకెక్కిన రామపాదసాగర్ కూడా ఆరు దశాబ్దాల తర్వాత పోలవరం ప్రాజెక్టుగా మళ్లీ కిందికి దిగింది. ఈసారి ముంపు జాబితాలో పాపికొండల చుట్టూ ఉన్న కోయల, కొండరెడ్ల ఊళ్లు చేరాయి. సాలూరు నుంచి చూస్తే ఈ ఎగువ కొసే ముందు కనపడుతుంది.

1977లో విజయవాడ స్థానం గోడే మురహరికి దక్కింది. రావు 1986 మే 18న కన్నుమూశారు. కృష్ణ మీద బ్యారేజీకి ఎగువన పులిచింతల దగ్గర కట్టిన జలాశయానికి 45.77 టీఎంసీల నిల్వ సామర్థ్యం ఉంది. 2013లో ప్రారంభమైన ఆ జలాశయం పేరు డాక్టర్ కె.ఎల్. రావు సాగర్. అక్కడ గేట్లెత్తితే నీళ్లు నేరుగా దిగేది ప్రకాశం బ్యారేజీకే, ఒకప్పుడు ఆయన ఓట్లడిగిన ఊరికే.