ముంబయి తెలుగు చాళ్ళలో సైకిలు: బరువు మోసే బండికి కావలసిన సామగ్రి

బాసర, నిజామాబాదుల మీదుగా సాగే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబయికి పనికి పోయినవారు సరిహద్దు గ్రామాల కుటుంబాలలో అనేకులు ఉన్నారు. అక్కడ చిల్లర వ్యాపారం, ఇంటింటి సరఫరా, చేతిపని చేసుకొని బ్రతికేవారికి సైకిలు నేటికీ కూలి తెచ్చే పనిముట్టు. దానికి పెట్రోలు అక్కరలేదు. ఇరుకు గల్లీలోనూ అది ఆగదు. అయితే దుకాణంలో కొన్ననాటి సైకిలు మనిషిని మోయుటకు మాత్రమే సిద్ధమై ఉంటుంది. సరుకు మోయవలెనంటే దానికి మరికొంత సామగ్రి చేర్చవలసి ఉంటుంది. ఆ సామగ్రి ఏది, దానిని ఎట్లా ఎంచుకోవలెను, ఎట్లా కాపాడుకోవలెను అన్నదే ఈ వ్యాసం.

కామాఠీపుర, వర్లీ: నేపథ్యం

నిజాము రాజ్యం నుండి వలసపోయి బొంబాయిలో రోడ్లు, కట్టడాలు నిర్మించిన తెలుగు కూలీలను అక్కడివారు కామాఠీలు అని పిలిచారు. 18వ శతాబ్ది చివర పల్లపు నేలలను పూడ్చిన తరువాత వారు స్థిరపడిన పేటయే కామాఠీపుర. ఇతర కారణాలచేత పత్రికలకెక్కిన ఆ పేటకు పేరు వచ్చినది తెలుగువారి చెమట నుండి. తరువాతి తరాలలో పద్మశాలీలు మొదలైనవారు బట్టల మిల్లులలో పనికి చేరి వర్లీ, పరేలు, నాయగాం ప్రాంతాల చాళ్ళలో నివసించారు. 1920ల దశకంలో ప్రభుత్వం కట్టించిన బి.డి.డి. చాళ్ళు వర్లీ, నాయగాం, ఎన్.ఎం. జోషీ మార్గ్, శివడీలలో కలిపి 207. ఒక్కొక్క కుటుంబానికి దక్కినది సుమారు 160 చదరపు అడుగుల గది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ఆరంభమైన మిల్లు సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. ఆ తరువాత పని పోగొట్టుకున్నవారిలో పలువురు చిల్లర వ్యాపారాలకు, సరఫరా పనులకు మళ్ళారు. మిల్లుల నడుమ వర్లీలోనే ఒకప్పుడు హింద్ సైకిల్స్ కర్మాగారం ఉండేది. 1980లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయం చేయబడినది, తరువాత మూతపడినది. కర్మాగారం పోయినా వీధిలో సైకిలు నిలిచినది. 1890లో మొదలైన డబ్బావాలాల అన్నపు డబ్బాలు, ఇడ్లీ గిన్నెలు, తేనీటి ఫ్లాస్కులు, కత్తులు సానపట్టే చక్రం ఇప్పటికీ సైకిలు మీదనే తిరుగుతున్నవి.

క్యారియరు, స్టాండు

బరువు పనికి నల్లని పాత పద్ధతి సైకిలే తగినది. దాని ఇనుప చట్రం మందంగా ఉంటుంది. చక్రం 28 అంగుళాలు, టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళం. గేర్లు, సన్నని టైర్లు గల సైకిలు చూపునకు బాగున్నా మూటల పనికి నిలువదు.

వెనుక క్యారియరు కొనునప్పుడు దాని కాళ్ళు చక్రపు ఇరుసుకు బిగించబడునో లేదో చూడవలెను. పైన సీటు గొట్టానికి మాత్రమే పట్టిన క్యారియరు బరువుకు వంగిపోతుంది. పాల క్యాన్ల వంటివి ఇరుప్రక్కల కొక్కేలకు సమంగా తగిలించవలెను. బరువు ఎంత క్రిందికి ఉంటే బండి అంత నిలకడగా నడుస్తుంది. హ్యాండిలుకు సంచులు ఎక్కువగా తగిలిస్తే మలుపులో బండి చేతికి లొంగదు. మూట కట్టుటకు పాత ట్యూబును నిలువుగా కోసిన పట్టీకి మించినది లేదు. అది సాగి బిగుస్తుంది, తడిసినా జారదు.

ఒంటి స్టాండు మీద సరుకు బండిని నిలిపితే పడిపోతుంది. వెనుక చక్రాన్ని నేల నుండి ఎత్తి పట్టే రెండు కాళ్ళ వెడల్పు స్టాండు తప్పనిసరి.

చక్రాలు, గాలి

ఈ రకపు సైకిలుకు సాధారణంగా ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 చువ్వలు ఉంటవి. బరువంతా వెనుకనే పడుట ఇందుకు కారణం. ఒక చువ్వ విరిగినప్పుడు దాని భారం ప్రక్క చువ్వలపై పడుతుంది; కొద్ది రోజులలో అవీ విరిగి రిమ్ము వంకర పోతుంది. ఒక్క చువ్వ ఖర్చుకు వెనుకాడినవాడు చివరకు చక్రం కొనవలసి వస్తుంది.

గాలి తరచు తగ్గుతున్నదంటే ప్రతిసారీ పంక్చరు కాదు. వాల్వు లోపలి సన్నని రబ్బరు గొట్టం పాతబడి చిట్లి ఉండవచ్చును. వాల్వు మీద తడి రాసి చూస్తే బుడగలు లేస్తవి. ఆ గొట్టం ముక్క అతి చౌక. రెండు దగ్గర ఉంచుకొనవలెను. పంక్చరు వేయునప్పుడు ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది ఆరిన తరువాతనే అతుకు అంటించవలెను. ట్యూబు తిరిగి ఎక్కించుటకు ముందు టైరు లోపల చేతితో తడిమి మేకును తీయనిచో శ్రమ వృథా.

వానలో బ్రేకులు

ముంబయిలో వానకాలం జూన్ నుండి సెప్టెంబరు వరకు. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజున 944 మిల్లీమీటర్ల వర్షం పడినది. తడిసిన ఇనుప రిమ్ముపై రబ్బరు బ్రేకు కట్టె జారుతుంది. బండి ఆగుటకు ఎండనాటి కంటే చాలా ఎక్కువ దూరం పడుతుంది. వంతెన దిగునప్పుడు ముందుగానే మెల్లగా బ్రేకు పట్టి రిమ్ము మీది తడిని తుడిచివేయవలెను. అరిగిన కట్టెలను వానలకు ముందే మార్చవలెను. వీధి నీట మునిగినప్పుడు మ్యాన్‌హోలు కనిపించదు; అటువంటి చోట స్వారీ చేయరాదు, వేరే దారి పట్టవలెను.

సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుమును త్వరగా తినివేస్తుంది. వారానికొకసారి చైను తుడిచి యంత్రపు నూనె వేయవలెను. కొబ్బరినూనె, వంటనూనె జిడ్డుగట్టి దుమ్ము పట్టుకుంటవి. ఇరుసు మునిగేంత నీటిలో నడచిన చక్రాన్ని విప్పించి గ్రీజు మార్పించనిచో లోపలి గుండ్లు అరిగిపోతవి.

దీపం, తాళం

టైరుకు రాసుకొని వెలిగే డైనమో దీపానికి రెండు లోపాలున్నవి: బండి ఆగితే దీపం ఆరుతుంది, వానలో టైరు మీద జారుతుంది. చిన్న బ్యాటరీ దీపం ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతున్నది. ముందు తెల్లని దీపం, వెనుక ఎర్రని దీపం లేక రిఫ్లెక్టరు ఉండవలెను. వెనుక మడ్‌గార్డు చివర తెల్లని రంగు చెరిగిపోతే తిరిగి వేయించవలెను. వెనుక వచ్చే లారీకి కనిపించేది అదే. బాంద్రా–వర్లీ సముద్ర వంతెన మీదికి సైకిళ్ళను అనుమతించరు.

చక్రానికి బిగించిన గుండ్రని తాళం ఉన్నా బండిని ఎత్తుకొనిపోవచ్చును. గొలుసుతో మెట్ల ఇనుప కమ్మీకి కట్టుట క్షేమం. చట్రం మీద చెక్కిన సంఖ్యను, కొనుగోలు రసీదును ఇంటివద్ద భద్రపరచవలెను. పోలీసులకు ఫిర్యాదు చేయునప్పుడు అవే ఆధారం.

ఏది ముందు కొనవలెను?

చేతిలో డబ్బు తక్కువైనప్పుడు వరుస ఇది: మొదట బ్రేకు కట్టెలు, పిదప దీపం, ఆ తరువాత గొలుసు తాళం, స్టాండు, క్యారియరు. ప్రాణం కాపాడేవి ముందు, రాబడి పెంచేవి తరువాత. గాలి పంపు ప్రతివారికీ అవసరం లేదు. ఒక అంతస్తులో పది ఇండ్లకు ఒకటి చాలును. క్రాఫర్డ్ మార్కెట్ సమీపాన లోకమాన్య తిలక్ మార్గ్‌లో సైకిలు దుకాణాలు కలవు. విడిభాగం కొనునప్పుడు పాత భాగాన్ని వెంట తీసుకొనిపోతే కొలత తప్పదు.

సైకిలును ఊరికి పంపదలచినవారు రైల్వే పార్సిల్ కార్యాలయంలో బుక్ చేసి రసీదు పొందవలెను. పంపువారి పేరు, అందుకొనువారి పేరు, దిగవలసిన స్టేషను వ్రాసిన అట్టను చట్రానికి గట్టిగా కట్టవలెను.

ఇక చాళ్ళ రూపమే మారుతున్నది. బి.డి.డి. చాళ్ళ స్థానంలో 500 చదరపు అడుగుల ఇండ్లు గల ఎత్తైన భవనాలు లేస్తున్నవి. వర్లీలో తొలి 556 ఇండ్ల తాళాలు 2025 ఆగస్టులో అందజేయబడినవి. పాత చాళ్ళలో సైకిలు మెట్ల క్రిందనో వసారాలోనో ఉండేది. కొత్త భవనంలో దానికి చోటు ఎక్కడ అన్నది నివాసుల సంఘం మొదటి సమావేశంలోనే అడిగి తేల్చుకోవలసిన విషయం. కారుకు గీతలు గీసిన తరువాత అడిగితే, ఇల్లు నడిపే బండికి గోడ ప్రక్కన జానెడు జాగా కూడా మిగలకపోవచ్చును.