అంబాసిడర్ ఊపుకి ఆటోనగర్ వైద్యం

విజయవాడ బెంజ్ సర్కిల్‌లో చెన్నై–కోల్‌కతా రహదారి, హైదరాబాద్–బందరు రహదారి కలుస్తాయి. ఆ పేరు వచ్చింది ఖరీదైన కారు వల్ల కాదని, లారీ వల్లనని, ఒకప్పుడు ఇక్కడ బెంజి లారీల షోరూం ఉండేదని ఊళ్లో పెద్దవాళ్లు చెబుతారు. నమ్మదగ్గ మాటే. టాటాల టెల్కో కంపెనీ జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేసింది. 1969లో ఆ ఒప్పందం ముగిశాక కూడా చాలాకాలం టాటా లారీ జనం నోట బెంజి లారీయే.

లారీలున్న చోటికి మేస్త్రీలు రాకుండా ఉండరు. సర్కిల్‌కి కాస్త దూరంలో 1960ల్లో జవహర్ ఆటోనగర్ వెలిసింది. బాడీలు కట్టేవాళ్లు, కమాన్లు కొట్టేవాళ్లు, లేత్ పట్టేవాళ్లు అక్కడ స్థిరపడ్డారు. లారీల మీద తిరిగిన చేతులే కార్లకూ పనికొచ్చాయి. ఆ పనితనంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక భాగం షాక్ అబ్జార్బర్. అంబాసిడర్ మెత్తదనాన్ని పొగిడేవాళ్లు సీటునీ స్ప్రింగునీ మెచ్చుకుంటారు గానీ, చక్రం పక్కన పనిచేసిన ఆ నూనె గొట్టాన్ని తలచుకోరు.

కృష్ణా డెల్టాలో దాని కష్టం మరీ ఎక్కువ. నల్లరేగడి నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. కాలవగట్ల వెంట వేసిన రోడ్లు అలలు తేలడం అందుకే. అంబాసిడర్‌కి ముందు మెలిపడే ఉక్కు కడ్డీలు (టార్షన్ బార్లు), వెనక కమాన్ కట్టలు. ఇవి దెబ్బని మింగుతాయి గానీ, మింగాక ఊగుతూనే ఉంటాయి. ఆ ఊపుని ఆపడమే అబ్జార్బర్ పని. లోపల పిస్టన్ కదిలినప్పుడు నూనె సన్నటి కవాటాల గుండా దూరి వెళ్లాలి. ఆ ఒరిపిడిలో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద దూరం నడిచి వచ్చిన బండి అబ్జార్బర్‌ని తాకితే చెయ్యి చురుక్కుమనేది ఇందుకే.

మొదట్లో ఈ నూనె లేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో బిళ్లల మధ్య రాపిడితో ఊపు ఆపే ట్రూఫో–హార్ట్‌ఫర్డ్ పరికరాలు వాడేవారు. తర్వాత ఫ్రాన్స్‌కి చెందిన మోరిస్ ఊడాయ్ నూనెతో పనిచేసేది తెచ్చాడు. ఫోర్డ్ మోడల్-ఎ కార్లకు బిగించింది ఆ తరహావే. మన దేశంలో షాక్ అబ్జార్బర్లు చేసే గాబ్రియేల్ ఇండియా 1961లో మొదలైంది.

అంబాసిడర్ తయారుచేసిన హిందుస్థాన్ మోటార్సే ‘బేబీ హిందుస్థాన్’ పేరుతో అమ్మిన మోరిస్ మైనర్ కారుది వేరే కథ. దానికి గొట్టం ఉండదు, చేతిలా ముందుకొచ్చిన లివర్ ఉంటుంది. ముందు చక్రాల దగ్గర ఆ లివరే సస్పెన్షన్ పై చెయ్యి కూడా. ఇరుసు అరిగితే ఊపు ఆగకపోవడమే కాదు, చక్రం నిలబడే తీరే మారిపోతుంది. దీన్ని విప్పి బాగుచేయవచ్చు. కొత్త సీలు, ఇరుసుకి కొత్త బుష్, కవాటాలు కడిగి సరైన నూనె. మూత విప్పే ముందు చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో తుడవకపోతే ఇసుక రేణువు లోపలికి జారి కవాటాన్ని పాడుచేస్తుంది. నింపాక లివర్‌ని చేత్తో పైకీ కిందికీ ఆడించాలి. దారంతా ఒకేలా బరువుగా కదలాలి. మధ్యలో ఎక్కడైనా వదులుగా జారితే లోపల గాలి మిగిలినట్టే. ఇంజిన్ ఆయిల్ పోసి సరిపెట్టడం మాత్రం తప్పు. ఆ చిక్కదనానికి బండి బిగుసుకుపోతుంది.

వెల్డింగ్‌తో మూసేసిన గొట్టాలకు ఈ వైద్యం లేదు. బానెట్ మూల మీద బరువు వేసి నొక్కి వదలండి. బండి ఒకసారి లేచి నిలబడాలి. రెండు మూడు సార్లు ఊగిందంటే, గొట్టం మీద నూనె చెమ్మ కనిపిస్తే, టైరు అక్కడక్కడా గుంటలుగా అరిగితే మార్చాల్సిందే. ఒక పక్కది మార్చి ఊరుకోకూడదు, జత మార్చాలి. కొత్తదాన్ని నిలువుగా పట్టుకుని కొన్నిసార్లు లాగి నొక్కితే గాలి బయటికి పోతుంది. రబ్బరు బుష్ నట్లను చివరగా బిగించేది జాకీ దించి చక్రాలు నేల మీద ఆనాకే. లేకపోతే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. ఇంకో మాట, బండి ముందు భాగం కిందికి కూర్చుంటే అది అబ్జార్బర్ నేరం కాదు. టార్షన్ బార్ చూపించుకోవాలి.

అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఉత్తర్‌పారాలో ఆగింది. అప్పటినుంచి విడిభాగాల కోసం వెతుకులాట పెరిగింది. నాకు బాధ కలిగించేది లివర్ అబ్జార్బర్లు తుక్కు కింద పోవడం. విప్పి బాగుచేయాలంటే ముందు ఆ పోత ఒళ్లు ఉండాలి. కాబట్టి కారు మార్చినా, నూనె కారినా దాన్ని పారేయకండి. శుభ్రం చేసి నూనె రాసి గుడ్డలో చుట్టి ఉంచితే, ఆ పని తెలిసిన మేస్త్రి దొరికిన రోజున మళ్లీ బండికెక్కుతుంది.