కంచె విరిచిన కుర్రాళ్లే మొదటి శిష్యులు

కాస్‌కాబ్ అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో ఒక ఊరు. 1900 ప్రాంతంలో ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ అనే రచయిత, చిత్రకారుడు అక్కడ కొంత అడవిభూమి కొన్నాడు. వాగుకు అడ్డకట్ట వేయించి చెరువు చేయించాడు. జంతువులూ పక్షులూ నిర్భయంగా తిరగాలని చుట్టూ కంచె కట్టించాడు. అప్పటిదాకా ఆ చెట్లల్లో ఇష్టారాజ్యంగా తిరిగిన ఊరి కుర్రాళ్లకు ఒళ్లు మండింది. కంచె విరిచారు, జంతువుల మీద తుపాకులు పేల్చారు, గేటు మీద బూతుబొమ్మలు గీశారు. చెరిపి రంగు వేయిస్తే మళ్లీ గీశారు.

పోలీసులకు చెప్పి ఉంటే వ్యవహారం అక్కడితో తేలిపోయేది, పగ మాత్రం మిగిలేది. సీటన్ 1902లో నేరుగా ఆ ఊరి బడికి వెళ్లాడు. పిల్లలతో మాట్లాడతానని అనుమతి అడిగి, పన్నెండేళ్లు నిండినవాళ్లందరినీ వారాంతానికి తన తోటలో మకాం వేయమని పిలిచాడు. నలభైమందికి పైగా వచ్చిపడ్డారు. చెరువులో ఈదులాడారు, కడుపారా తిన్నారు. చీకటి పడ్డాక మంట చుట్టూ కూర్చుంటే ఆయన తోడేళ్ల కథలు, జాడలు పట్టే తీరు, అడవిలో బతికే తెన్ను చెప్పాడు. ఆ తర్వాత, మీలో మీరే నాయకుణ్ణి ఎన్నుకోండన్నాడు. అందరిలోకీ పెద్ద అల్లరివాణ్ణే ఎన్నుకున్నారని సీటనే తర్వాత రాసుకున్నాడు. ఇక కంచె జోలికి ఎవరు పోతారు? అది వాళ్లదే అయిపోయింది.

ఈ మనిషికి ఆ తెలివి ఊరికే రాలేదు. 1860లో ఇంగ్లండులో పుట్టి కెనడా అడవుల అంచున పెరిగినవాడు. 1893లో పశువుల యజమానుల కోసం తోడేళ్లను మట్టుపెట్టడానికి న్యూమెక్సికోలోని కరంపా లోయకు వెళ్లాడు. లోబో అని పేరుపడ్డ ముసలి తోడేలు ఆయన పెట్టిన విషాన్నీ ఉచ్చులనూ తప్పించుకుంటూ వచ్చింది. చివరికి దాని జోడు ఆడతోడేలును చంపి, ఆ వాసనను ఎరగా వాడి పట్టుకున్నాడు. 1894 జనవరిలో లోబో చనిపోయింది. ఆ చావు ఆయన్ని వదల్లేదు. 1898లో అచ్చయిన ఆయన జంతుకథల పుస్తకం లోబో కథతోనే మొదలవుతుంది. వేటగాడి నైపుణ్యమంతా ఉంచుకుని, చంపడం ఒక్కటీ తీసేస్తే పిల్లలకు ఏం నేర్పవచ్చో ఆయన అక్కణ్ణుంచి ఆలోచించాడనిపిస్తుంది. తోటకు వచ్చిన పిల్లలతో ఆయన ఆడించిన జింకవేట అలాంటిదే: గోనెగుడ్డతో చేసిన బొమ్మజింక, దాని జాడ, చేతిలో విల్లమ్ములు.

ఆ కూటమికి ‘వుడ్‌క్రాఫ్ట్ ఇండియన్స్’ అని పేరు పెట్టి, నియమాలను ఏటేటా పుస్తకంగా వేశాడు. అందులో నాకు మరీ నచ్చేది బహుమతుల పద్ధతి. పక్కవాణ్ణి ఓడించినందుకు బహుమతి లేదు. ఇంత దూరం ఈదితే, ఇన్ని పక్షులను గుర్తుపడితే ఎవరికైనా గుర్తింపు దక్కుతుంది. తర్వాత వచ్చిన స్కౌట్ల చొక్కా చేతికి కుట్టే బ్యాడ్జీల వెనక ఇదే ఆలోచన కనిపిస్తుంది.

ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఈ అడవివిద్యలో ఎక్కువ భాగం అమెరికా మూలవాసులది. వూండెడ్ నీ అనే చోట అమెరికా సైన్యం వాళ్లను కాల్చి చంపి అప్పటికి పన్నెండేళ్లే. వాళ్ల పిల్లలను హాస్టలు బడుల్లో పెట్టి సొంత భాష మాన్పిస్తున్న రోజుల్లోనే తెల్లపిల్లలు వాళ్ల వేషం కట్టి ఆడుకున్నారు. సీటన్ వాళ్లను గౌరవించాడు, నిజమే. కానీ ఆ విద్యను సొంత గొంతుతో చెప్పినవాడు డకోటా తెగకు చెందిన డాక్టర్ చార్లెస్ ఈస్ట్‌మన్. వూండెడ్ నీ క్షతగాత్రులకు వైద్యం చేసిన ఆయనే 1914లో స్కౌట్ పిల్లల కోసం అడవివిద్యల పుస్తకం రాశాడు. ఆ పెద్దమనసుకు చరిత్రలో దక్కిన చోటు చాలా చిన్నది.

1906లో సీటన్ తన పుస్తకాన్ని బ్రిటిష్ సైన్యాధికారి బేడెన్ పావెల్‌కు పంపాడు. ఆ ఏడు అక్టోబరులో ఇద్దరూ లండన్‌లో కలుసుకున్నారు. సైనికుల కోసం వేగువిద్య పుస్తకం రాసి ఉన్న బేడెన్ పావెల్ 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ దీవిలో సుమారు ఇరవైమంది పిల్లలతో శిబిరం పెట్టాడు. ధనవంతుల బడుల పిల్లలూ మామూలు కుటుంబాల పిల్లలూ కలిసి గుడారాల్లో పడుకున్నారు. 1908లో ఆయన పుస్తకం వచ్చింది, స్కౌటింగ్ ఉద్యమం దేశాలు దాటింది. 1910లో అమెరికా స్కౌట్లకు సీటనే మొదటి చీఫ్ స్కౌట్. సైనికవాసన ఎక్కువవుతోందని ఆయన గొడవపడ్డాడు, 1915కల్లా పదవి పోయింది. స్కౌటింగ్ పుట్టుక అనగానే అందరూ బ్రౌన్‌సీ పేరే చెబుతారు. కాస్‌కాబ్ తోటను తలిచేవాళ్లు తక్కువ.

మన దేశానికి స్కౌటింగ్ 1909లో బెంగుళూరు మీదుగా వచ్చింది, అదీ తెల్లవాళ్ల, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే. భారతీయ పిల్లలకు ఈ విద్య నేర్పితే రేపు తిరుగుబాటుదారులవుతారని ప్రభుత్వానికి భయం. ఆ తలుపు తోసినవాళ్లలో అనీబిసెంట్ ముఖ్యురాలు. మన కోస్తా, సీమ జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1917 ప్రాంతంలో ఆమె, ఆమె సహచరుడు అరండేల్ కలిసి భారతీయ పిల్లలకు తలపాగాలతో దళాలు పెట్టారు. ఉత్తరాదిన మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరాం బాజ్‌పాయ్ సేవాసమితి స్కౌట్లను నిలబెట్టారు. యాత్రికులకు సేవ వాళ్ల ముఖ్యమైన పని. 1950 నవంబరు 7న ఈ పాయలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది.

ఇక్కడ వేట పోయింది, సేవ ముందుకొచ్చింది. జాడలు గుర్తుపట్టడం, తాళ్లకు ముళ్లు వేయడం, ఆరుబయట పొయ్యి పెట్టి వండుకోవడం మాత్రం పాఠాల్లో ఉండిపోయాయి. పుష్కరాల్లో ముసలివాళ్లను చెయ్యిపట్టి మెట్లు దింపేది, తప్పిపోయిన పిల్లల్ని అమ్మానాన్నల దగ్గరికి చేర్చేది మెడకు స్కౌట్ స్కార్ఫు కట్టుకున్న పిల్లలే.