మధ్యవర్తి తీర్పరి కాడు

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో వేరుపడిన ఒక జంటను పెద్దలం కూర్చోబెట్టి ఒప్పందం రాయించాం. వంద రూపాయల స్టాంపు కాగితం, ఇద్దరి సంతకాలు, సాక్షులుగా మేం నలుగురం. ఎవరి సామాను వారికి ఇప్పించి, ప్రార్థన చేసి పంపాం. తర్వాత ఆ సహోదరికి మరో సంబంధం కుదిరింది. పెళ్లి చేయమని నా దగ్గరికి వచ్చినప్పుడు వకీలును అడిగితే అసలు సంగతి తెలిసింది. చట్టం దృష్టిలో ఆమె ఇంకా మొదటి భర్తకు భార్యే. ఆ సంబంధం తప్పిపోయింది. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది.

ప్రియ పాఠకులారా, విడాకులు ఇచ్చేది కోర్టు డిక్రీ ఒక్కటే. పెద్దమనుషుల పత్రానికి గానీ సంఘ తీర్మానానికి గానీ ఆ శక్తి లేదు. సంఘ న్యాయస్థానం వివాహాన్ని రద్దు చేసినా చట్టం ముందు అది చెల్లదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది.

అయితే కోర్టుకెక్కిన ప్రతి జంటా ఏళ్ల తరబడి వాదులాడుకోవాలనేమీ లేదు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం జడ్జి మొదట రాజీకి ప్రయత్నించాలి. ఆంధ్ర దంపతుల కేసు ఒకదానిలో 2013లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. దాంపత్య వివాదాలను మధ్యవర్తిత్వానికి పంపాలనీ, కేసు వేయకముందే వచ్చేవారి కోసం కూడా మధ్యవర్తిత్వ కేంద్రాల్లో ఏర్పాటు ఉండాలనీ ఆదేశించింది. మీ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఫోన్ నంబరు 15100.

లోపల ఏం జరుగుతుంది? మధ్యవర్తిగా సాధారణంగా శిక్షణ పొందిన న్యాయవాదో రిటైరైన జడ్జో ఉంటారు. మొదట ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి నియమాలు చెబుతారు. ఒకరు మాట్లాడేటప్పుడు రెండోవారు అడ్డు రాకూడదు. తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. అక్కడ చెప్పిన మాట మీ అనుమతి లేకుండా అవతలివారికి చేరదు. రాజీ కుదరకపోతే మధ్యవర్తి కోర్టుకు పంపేది 'కుదరలేదు' అనే ఒక్క ముక్కే. తప్పు ఎవరిదో రాయరు. మన సంఘాల్లో ఇలాంటి సంగతి బుధవారం చెబితే ఆదివారానికల్లా 'ప్రార్థన అవసరత' పేరుతో అందరికీ తెలిసిపోతుంది. ఈ తేడాను కాపరులం గమనించాలి.

పంచాయితీలో పెద్దలు తీర్పు చెబుతారు, మధ్యవర్తి చెప్పరు. కలిసి బతకండనీ, విడిపోండనీ కూడా అనరు. నిర్ణయం ఆ ఇద్దరిదే. ఒప్పందానికి వస్తే దాన్ని రాసి, ఇద్దరి చేతా సంతకం చేయించి కోర్టుకు పంపుతారు. క్రిమినల్ కేసు నడుస్తుంటే మాత్రం ఈ సంతకాలతో దానంతట అది ముగిసిపోదు. దానికి కోర్టు ఉత్తర్వు వేరే కావాలి.

కొట్టే చోట మాత్రం ముందు కావలసింది రక్షణ, రాజీ కాదు. 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి. అతని ఎదుట కూర్చోవడానికి భయమైతే విడివిడిగానే మాట్లాడించమని మధ్యవర్తిని అడగవచ్చు. 'సర్దుకుపో అమ్మా' అని మనం తిరిగి పంపిన ఇళ్లలో ఏం జరిగిందో మనలో కొందరికి బాగా తెలుసు.

విడిపోవడానికే ఇద్దరూ ఒప్పుకుంటే, క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో 10ఎ సెక్షన్ ఉంది. 2001లో చేర్చారు. అంతకుముందు పరస్పర అంగీకారమనే దారే ఆ చట్టంలో లేదు. రెండేళ్లు విడిగా ఉండాలని అందులో రాసి ఉంది. ఇతరులకు ఏడాది చాలినప్పుడు క్రైస్తవులకు రెండేళ్లెందుకని కేరళ హైకోర్టు 2010లో దాన్ని ఏడాదిగా చదవాలంది. పిటిషన్ వేసిన ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలల లోపు ఇద్దరూ మళ్లీ కోర్టుకు రావాలి. మన విశ్వాసుల్లో చాలామంది రికార్డుల్లో హిందువులుగానే ఉన్నారు. కాబట్టి ఏ చట్టం వర్తిస్తుందో పెళ్లి సర్టిఫికెట్ చూపించి వకీలునే అడగండి.

ఒప్పందంలో భరణం ఎంత, ఏ తేదీకి, ఏ ఖాతాలో పడాలో స్పష్టంగా రాయించుకోండి. పెళ్లిలో అమ్మాయికి పెట్టిన బంగారం, సామాను జాబితా వేసి, ఏది ముట్టిందో ఏది ముట్టలేదో గుర్తు పెట్టించండి. ఎక్కువమంది మరచిపోయేది పిల్లల సంగతి. 'అప్పుడప్పుడు చూడవచ్చు' అని వదిలేస్తే ప్రతి నెలా తగాదానే. ఏ వారం, ఎన్ని గంటలకు, ఎవరు తీసుకెళ్లి ఎవరు దింపుతారు, స్కూలు ఫీజు ఎవరు కడతారు, వేసవి సెలవులు ఎలా పంచుకుంటారు, క్రిస్మస్ ఆరాధనకు పిల్లలు ఈ ఏడు ఎవరితో, వచ్చే ఏడు ఎవరితో వెళ్తారు అన్నవన్నీ సంతకానికి ముందే కాగితం మీదకి రావాలి.