లోపించిన ధ్వనికి లిపిసాక్ష్యం: అరసున్న – మట్టెవాడ

ఉచ్చారణలో లోపించిన ధ్వనికి లేఖనంలో గుర్తు నిలపడం అనేక భాషలలో ఉంది. ఆంగ్లంలో అపాస్ట్రఫీ, సంస్కృతంలో అవగ్రహం ఇటువంటివి. కః + అపి 'కోఽపి' అయినప్పుడు లోపించిన అకారాన్ని అవగ్రహం సూచిస్తుంది. తెలుగు అచ్సంధికి ఇట్టి చిహ్నం లేదు. రాముడు + అతడు 'రాముడతడు' కాగా ఉకారం జాడ మిగలదు. అయితే క్షీణించిన అనునాసికానికి తెలుగు ఒక గుర్తును కల్పించుకొంది. అదే అరసున్న.

దీని ప్రయోజనం మూడు విధాలు. మొదటిది చారిత్రకం: 'మూఁడు'లోని అరసున్న తమిళ 'మూన్ఱు'లో నేటికీ నిలిచిన నకారాన్ని జ్ఞప్తికి తెస్తుంది. రెండవది అర్థభేదకం: 'ఏడు' సంఖ్య, 'ఏఁడు' సంవత్సరం, 'వీడు' పట్టణం, 'వీఁడు' ఈ మనుష్యుడు. మూడవది సంధిగతం: చూచెను + తోట 'చూచెఁ దోట' అయినప్పుడు తకారం దకారమైన కారణాన్ని అరసున్నే చెబుతుంది. దానిని తొలగిస్తే ద్రుతం అదృశ్యమై, సరళాదేశం నిర్హేతుకంగా కనిపిస్తుంది. ఛందస్సులో నిండుసున్న పూర్వాక్షరాన్ని గురువు చేస్తుంది, అరసున్న చేయదు.

ఈ చిహ్నాన్ని చెవి నేర్పలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం వంటి గ్రంథాలు, కావ్యపఠనం, నిఘంటు పరిచయం మాత్రమే నేర్పగలవు. కనుక దాని చరిత్ర గ్రంథాల అందుబాటుతో ముడిపడి ఉంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం సైతం ఉర్దూ మాధ్యమాన్నే స్వీకరించిన నిజాం రాజ్యంలో, తెలుగు చదువుకు గ్రంథాలయాలు ముఖ్యమైన ఆలంబనాలు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం వెలిశాయి. ఓరుగల్లు మట్టెవాడలోని నిలయానికి 'శబ్దానుశాసన' నామం లభించింది. శబ్దానుశాసనమంటే వ్యాకరణమే, 'శబ్దశాసనుడు'గా ప్రసిద్ధుడైన నన్నయను కూడా ఆ పేరు స్ఫురింపజేస్తుంది. హనుమకొండ నిలయం రాజును స్మరిస్తే, మట్టెవాడ నిలయం పేరు ఆయన ఆస్థానకవిని తలపించడం గమనార్హం. భాషాభిమానం వ్యాకరణ సంస్కారంతో అభిన్నమని భావించిన కాలానికి ఈ నామకరణం సాక్ష్యం.

గిడుగు రామమూర్తి (1863–1940) నడిపిన వ్యావహారిక భాషోద్యమం బోధనలో సజీవ ఉచ్చారణకు ప్రాధాన్యం కోరింది. ఆ ప్రమాణంతో చూస్తే నేటి వచనంలో అరసున్న అనవసరమే. దాని నిష్క్రమణను పతనంగా భావించనక్కరలేదు. ప్రాచీన కావ్య ముద్రణలో మాత్రం పరిస్థితి వేరు. అక్కడ అరసున్నను విడిచిపెట్టడం లేఖన సౌలభ్యంగా కనిపించినా, నిజానికి అది పాఠ పరిష్కరణలో లోపమే. వచనానికి భారమైన చిహ్నమే కావ్యపాఠానికి ఆధారమన్న వివేచన పరిష్కర్తలకు అవశ్యకం.