బిస్కెట్ డబ్బాల్లో సంఘ చరిత్ర

మన మలేషియా తెలుగు సంఘం 1955లో మలయా ఆంధ్ర సంఘంగా పుట్టింది. అప్పటికి ఈ దేశానికి స్వాతంత్ర్యం రాలేదు. ఆర్కీబ్ నెగారా, అంటే ఇక్కడి జాతీయ పత్రభాండాగారం, 1957 డిసెంబరులో గానీ మొదలు కాలేదు. స్వతంత్ర దేశం తన కాగితాలకు ఒక ఇల్లు కట్టుకోకముందే మనవాళ్లు సభ్యత్వ రసీదులు చించడం మొదలుపెట్టారన్నమాట.

డెబ్బై ఏళ్ల ఆ కాగితాలకు మాత్రం ఇప్పటికీ సరైన చోటు లేదు. చాలావరకు పాత కార్యదర్శుల ఇళ్లలో, అటక మీద, బిస్కెట్ డబ్బాల్లో ఉంటాయి. సైక్లోస్టైల్ సర్క్యులర్లు, ఉగాది కరపత్రాలు, నాటకాల టికెట్లు, 1981లో కౌలాలంపూర్‌లో జరిగిన రెండో ప్రపంచ తెలుగు మహాసభల ఆహ్వానాలు. ఇంకా వెనక్కి వెళ్తే బాగాన్ దాతో కొబ్బరి తోటలకు, కెడా రబ్బరు తోటలకు వచ్చిన తాతల కాగితాలు: రజులా ఓడ టికెట్టు, తోట బడి సర్టిఫికెట్టు, ఎర్ర ఐసీ (శాశ్వత నివాసుల గుర్తింపు కార్డు), చెల్లకుండా పోయిన జపాను ఆక్రమణ కాలపు అరటి నోట్లు. సంఘం చరిత్ర తీర్మానాల పుస్తకంలో కంటే వీటిలోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. తీర్మానంలో ఎవరు అధ్యక్షత వహించారో ఉంటుంది. నాటకం టికెట్టు మీద ధర ఉంటుంది, ఆ ధర పెట్టగలిగిన మనుషులెవరో దాన్నిబట్టి తెలుస్తుంది.

వీటికి మొదటి శత్రువు మన గాలే. తేమ 65 శాతం దాటితే కాగితానికి బూజు పట్టే వీలుంటుంది. ఇక్కడ ఏడాది పొడుగునా 80కి అటూ ఇటూ ఉంటుంది. పైగా చౌక కాగితం కలప గుజ్జుతో చేసింది. అందులోని ఆమ్లమే దాన్ని లోపలినుంచి తినేస్తుంది. అందుకే పాత కరపత్రం మడత దగ్గర విరుగుతుంది. ఇక రబ్బరు తోటల సంతానమైన మనం కట్టలకు రబ్బరు బ్యాండే వేస్తాం! కొన్నేళ్లకు అది జిగురై కాగితానికి అతుక్కుని, గోధుమరంగు చార మిగులుస్తుంది. నూలు తాడు చాలు.

పాత సావనీరు ఒకటి తీసి చూడండి. నడుమన స్టేపుల్ పిన్ తుప్పు పట్టి, చుట్టూ కాగితం ఎర్రబడి ఉంటుంది. పిన్ను పట్టి లాగితే ఆ ముక్క ఊడివస్తుంది. పుటకూ పిన్నుకూ మధ్య పల్చని ప్లాస్టిక్ ముక్క దూర్చి, వంగిన కొనలు రెండూ మొద్దు కత్తితో మెల్లగా లేపి, వెనకనుంచి బయటికి తీయాలి. చిరుగులకు సెల్లోటేపు వేయకండి, పసుపు మరక శాశ్వతం. లామినేషన్ అంతకన్నా ద్రోహం: వేడికి కరిగిన జిగురు కాగితంలో కలిసిపోతుంది, మళ్లీ విడదీయలేం. పాలిస్టర్ కవరు కొనండి. పీవీసీ కవరుకు అచ్చు సిరా అంటుకుపోతుంది. కలరా ఉండల వల్ల బూజు ఆగదు, వాసన మాత్రం వస్తుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గదికంటే, గాలాడే గదిలో బయటి గోడకు దూరంగా, నేలకు జానెడు ఎత్తున పెట్టిన పెట్టె మేలు.

ఆ జానెడు ఎందుకో 2021 డిసెంబరు వరదల్లో మునిగిన షా ఆలంలోని తామన్ శ్రీ ముడా వాసులను అడిగితే చెబుతారు. అంత నీళ్లొస్తే జానెడూ చాలదు, పై అంతస్తే దిక్కు. హైదరాబాదులో 2000 ఆగస్టు వరదకు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అపురూపమైన ఉర్దూ పుస్తకాలు మునిగాయి. తడిసినవాటిని ఎండలో పరవకండి. అలాగని ఆలస్యమూ చేయకండి, రెండు రోజుల్లోపు బూజు మొదలవుతుంది. ఆరబెట్టే తీరిక లేకపోతే ప్లాస్టిక్ సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. నున్నటి ఆర్ట్ పేపరు సావనీర్లయితే మరీ తొందరపడాలి, ఆరితే పుటలన్నీ ఒకే దిమ్మగా అతుక్కుంటాయి.

స్కాన్ చేశాం కదా అని అసలు పారేయవద్దు. ఫైలు తెరుచుకోని రోజున అసలే ఆధారం. విలువైనదని తోస్తే ఆర్కీబ్ నెగారా వారిని సంప్రదించండి, లేదా కనీసం ఒక నకలు సంఘానికి ఇవ్వండి.

ఈలోగా అందరూ చేయగలిగింది ఒకటుంది. పాత సభల ఫొటోలు ఇంట్లో ఉంటే, ఆ మొహాలను గుర్తుపట్టే పెద్దమ్మలు, పెదనాన్నలు ఉండగానే పక్కన కూర్చుని వెనక పేర్లు రాయించండి. మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా. బాల్‌పెన్ను వద్దు.